గుహాక్షేత్రములు: పెన్నా–కుందూ సీమ

ఒక్క మతమువారికే గాక పెక్కు మతములవారికి పూజనీయములైన గుహలు, మానవుడు నివసించిన భూభాగములు పెక్కింటను కానవచ్చుచున్నవి. కొండ కడుపున చీకటియు చల్లదనమును, ఊటనీరును నిశ్శబ్దమును ఒక్కచోట సమకూడుటచేత, తపస్సు గోరిన మునికిని, వర్షావాసమునకు నీడ వెదకిన బౌద్ధ భిక్షువునకును, దేహమును క్రమక్రమముగ త్యజింపనెంచిన జైన యతికిని, జనసమ్మర్దమునకు దూరముగ దైవనామము స్మరింపదలచిన ఫకీరునకును గుహయే తొలి ఆలయమైనది. కట్టిన గుడికి కట్టించిన రాజుండును, శాసనముండును, మాన్యముండును, హక్కుదారుండును. గుహయన్ననో మనుష్యుడు రాకమునుపే అచ్చట నున్నది గనుక, ముందు వచ్చినవాడును అతిథియే, వెనుక వచ్చినవాడును అతిథియే.

గుహ పెక్కు మతములకు చెందియుండుట రెండు తీరుల సంభవించును. ఒక మతమువారు విడిచిన తావును, కొన్ని తరములు గడచిన పిమ్మట, వేరొక మతమువారు తమదిగ జేసికొనుట మొదటిది. ఇందు మతములు ఒకదాని వెనుక నొకటి వచ్చునే గాని ఒకదాని నొకటి కలిసికొనవు. ఒకే కాలమున, ఒకే గడపవద్ద, వేర్వేరు మతములవారు ఎవరి ఆచారముతో వారు వచ్చి మ్రొక్కుట రెండవది. మొదటిదానికి రాతి సాక్ష్యము కలదు గనుక పండితులు దానిని గూర్చి విస్తారముగ వ్రాసిరి. రెండవది జనుల నడవడియందును, పాటలయందును, తిరునాళ్లయందును మాత్రమే నిలిచియుండును గనుక గ్రంథములకెక్కుట అరుదు. కడప మండలపు పొలిమేరకు చేరువనున్న బెలుము గుహ మొదటి తీరునకును, బనగానపల్లె యొద్ద నున్న రవ్వలకొండ గుహ రెండవ తీరునకును చక్కని ఉదాహరణములు. వీనిలో రెండవదియే ఈ సీమకు నిజమైన కానుక యని ఈ వ్యాసకర్త అభిప్రాయము.

నేల స్వభావము

కడప, కర్నూలు, అనంతపురము, ప్రకాశము మండలములలో నెలవంకవలె పరచుకొనియున్న శిలాపరంపరను భూవిజ్ఞానులు కడప బేసిను అందురు. భారత భూవిజ్ఞాన సర్వే శాఖకు చెందిన విలియం కింగు 1872లో ప్రకటించిన గ్రంథము ఈ శిలలను గూర్చిన తొలి సమగ్ర రచన. ఇచ్చటి రాతిపొరలకు ఇచ్చటి ఊళ్ల పేర్లే స్థిరపడినవి. వేంపల్లె, పులివెందుల, తాడిపత్రి, గండికోట, నర్జి, కోవెలకుంట్ల అను నామములు దేశాంతరముల భూవిజ్ఞాన గ్రంథములయందును ఇట్లే చదువబడుచున్నవి. నేలమీద చెట్టుగాని పశువుగాని పుట్టకమునుపు, ప్రాచీన సముద్రముల అడుగున పేరుకొని గట్టిపడిన మట్టియు, ఇసుకయు, సున్నమును ఈ పొరలు.

ఈ పొరలలో పులివెందుల, గండికోట శిలలు క్వార్ట్‌జైటు అను కఠినశిలలు. నీరు వీనిని కరగింపజాలదు, చీల్చి లోయలు చేయును. పెన్నానది గండికోటవద్ద నిట్టనిలువు గోడలనడుమ పారుట ఈ స్వభావముచేతనే. నర్జి పొర అట్లు కాదు. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల, కొలిమిగుండ్ల ప్రాంతములలో నాపరాళ్లుగ కోసి ఇంటి నేలలకు పరచుచున్న సున్నపురాయి యిదియే. వాన నీరు మట్టిలోగుండ దిగునప్పుడు బొగ్గుపులుసు వాయువును గ్రహించి కొంచెము ఆమ్లగుణము పొందును. ఆ నీరు సున్నపురాతి పగుళ్లలో దూరి, లక్షల సంవత్సరముల కాలమున రాతిని కరగించి సొరంగములు చేయును. పిదప సొరంగపు కప్పునుండి చుక్కచుక్కగ జారు నీరు గాలి తగిలి వాయువును విడువగా, అందు కరగియున్న సున్నము మరల గట్టిపడి, కప్పునుండి ఊడలవలె వ్రేలాడును, క్రిందినుండి లింగములవలె లేచును. ఇవి పెరుగుట సాధారణముగ సంవత్సరమునకు మిల్లీమీటరులో పదవవంతునకు అటునిటుగ నుండును. నేడు భక్తుడు శివలింగమని మ్రొక్కునది, పర్యాటకుడు వింతయని చూచునది, ఈ సున్నమే.

పెండ్లిమర్రి కోనలు

కడప మండలమందలి పెండ్లిమర్రి ప్రాంతమునకు దక్షిణముగ నున్న పాలకొండలు కఠినశిలామయములు. అందుచేత ఇచ్చట దీర్ఘగుహలకు మారు కోనలు, అనగా చెట్టుచేమలతో నీటిఊటలతో నిండిన కొండసందులు, పుణ్యస్థలములైనవి. పొలతల క్షేత్రమున మల్లికార్జునస్వామియు అక్కదేవతలును వెలసియున్నారు; కార్తిక సోమవారములందును మహాశివరాత్రినాడును కడప, పులివెందుల, ప్రొద్దుటూరు ప్రాంతములనుండి జనులు బండ్లు కట్టుకొనియు, నేడు బస్సులలోను వచ్చి అడవియందే వండుకొని తిని పోవుదురు. శివుని చెంత గ్రామదేవతలైన అక్కదేవతలకు సమాన గౌరవము కలుగుట ఈ క్షేత్రపు విశేషము. వేయినూతుల కోనలో లక్ష్మీనరసింహస్వామి కొలువైయున్నాడు.

ఈ సీమ జనులకు పరమతపు గడప తొక్కుట నూతనము కాదు. దేవుని కడపలోని లక్ష్మీవేంకటేశ్వరాలయమునకు ఉగాదినాడు ముస్లిములు కుటుంబసమేతముగ వచ్చి టెంకాయ కొట్టి పోవుట చిరకాలాచారము. వేంకటేశ్వరుడు బీబీ నాంచారి యను ముస్లిము కన్యను చేపట్టెను గనుక తమకు అల్లుడగునని వారి మాట. అదే పట్టణమున అమీన్‌పీర్ దర్గాకు హిందువులు నిత్యము పోయి చక్కెర చదివింపులు చేయింతురు. అనంతపురము మండలమందలి గూగూడులో పీర్ల పండుగ కుళ్లాయిస్వామి పేర ఊరంతటి పండుగగ జరుగును. గుహలను గూర్చి చెప్పునపుడు ఈ మాటలేల యనవచ్చును. గడప రాతిదైనను, ఇటుకదైనను, దానిని దాటు పాదము ఒక్కటే గనుక ముందుగ దీనిని గ్రహింపవలసియున్నది.

బెలుము

బెలుము గుహలు నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలమున, తాడిపత్రికి సుమారు 30 కిలోమీటర్ల దూరమున, పైకి చూడ చదునైన మెట్టచేని క్రింద నున్నవి. కొండయెక్కి గుహ జొచ్చుట వాడుక; ఇచ్చట నేలలోని బావి వంటి గుంటలో దిగి గుహ జొత్తుము. ఇట్టి గుంటలు మూడు గలవు, నడిమిది ద్వారము. కొంత లోతు దిగిన పిమ్మట మార్గము అడ్డముగ సాగును. కొలిచినంతవరకు గుహ పొడవు 3,229 మీటర్లు. అందు సుమారు ఒకటిన్నర కిలోమీటరు మాత్రము జనులు చూచుటకు వీలుగ తీర్చబడినది. అత్యంత నిమ్న ప్రదేశమైన పాతాళగంగ, ప్రవేశమునకు 46 మీటర్ల దిగువన నున్నదని చెప్పుదురు. మేఘాలయ గుహలను మినహాయించిన, భారతదేశపు మైదాన ప్రాంతములలో ఇంత దీర్ఘమైన గుహ వేరొకటి లేదు.

పల్లెవారు ఎరిగిన ఈ గుహను 1884లో రాబర్ట్ బ్రూస్ ఫూటు పేర్కొనెను. ఈయనయే 1863లో మద్రాసు చేరువ పల్లావరమున ప్రాచీన శిలాయుగపు రాతిపనిముట్టును కనుగొని, భారతదేశ ప్రాక్చరిత్ర పరిశోధనకు పునాది వేసిన భూవిజ్ఞాని; బేతంచెర్ల యొద్ద బిల్లసర్గము గుహలలో తన కుమారునితో గూడ త్రవ్వి, అంతరించిన జంతువుల యెముకలను వెలికిదీసెను. తదనంతరము దాదాపు నూరేండ్లు బెలుమును పట్టించుకొన్నవారు లేరు. 1982, 1983 సంవత్సరములలో హెర్బర్ట్ డేనియల్ గెబౌవరు నాయకత్వమున జర్మనుల బృందమొకటి తాళ్లతోను దీపములతోను దిగి గుహను సవిస్తరముగ కొలిచి చిత్రించెను. పిమ్మట గ్రామస్థుల పట్టుదలచేత ప్రభుత్వ రక్షణ లభించి, పర్యాటకాభివృద్ధి సంస్థవారు దారులు, దీపములు, గాలి ఏర్పాట్లు కల్పింపగా, 2002 ఫిబ్రవరిలో గుహ జనులకు తెరువబడినది.

ఇక మతముల మాట. ఈ గుహయందు బౌద్ధ జైన భిక్షువులు నివసించిరని ప్రతీతి. ఇచ్చట దొరకిన బౌద్ధావశేషములును, అంతకంటె ప్రాచీనములైన మట్టిపాత్రల శకలములును అనంతపురము ప్రదర్శనశాలకు చేర్పబడినవి. ద్వారమునకు చేరువగ పడకయు దిండును తీర్చినట్లున్న తావొకటి గలదు, దానిని ధ్యానమందిరమందురు. ఆ రాతిపై కూర్చున్న భిక్షువుల పేర్లు మనకు దక్కలేదు. అయినను ఈ పరిసరములలో ఆ మతములు వేళ్లూనియుండెనని చుట్టుపట్ల నేల సాక్ష్యమిచ్చుచున్నది. చెయ్యేటి తీరమున నందలూరువద్ద బౌద్ధ స్తూపావశేషములు కలవు. జమ్మలమడుగు చేరువ పెన్నయొడ్డున దానవులపాడులో ఇసుకక్రింద పూడిన జైనాలయము ఇరువదవ శతాబ్ది తొలినాళ్ల త్రవ్వకములలో బయల్పడినది; అచ్చట శాంతినాథ తీర్థంకరుని అభిషేకార్థము రాష్ట్రకూట ప్రభువైన నిత్యవర్ష మూడవ ఇంద్రుడు చేయించిన పీఠమును, దండనాయకుడైన శ్రీవిజయుడు సన్న్యసించి దేహము విడిచిన సంగతిని దెలుపు శాసనమును దొరకినవి. పదవ శతాబ్దమున ఈ పెన్నాతీరమున జైనయతులు నడయాడిరనుటకు ఇంతకంటె నిదర్శనము వలదు. తీరమున గుడికట్టిన సంప్రదాయమువారు, వర్షాకాలమున పొడిగ నుండు గుహను వెదకికొనుట సహజమే.

ఆ బౌద్ధ జైన శ్రమణులు పోయిరి, గుహ నిలిచినది. అనంతరకాలమున దీనిని తమ కన్నులతో చూచినవారు శైవులు. కప్పునుండి వ్రేలాడునవియు నేలనుండి లేచినవియు నగు సున్నపుదిమ్మెలు వేలకొలది కనుపించు మందిరము వారికి కోటిలింగములైనది. సింహముఖము వంటి సహజ తోరణము సింహద్వారమైనది. పడగలు విప్పిన పాముల గుంపువలె నున్న కప్పు వేయిపడగలైనది. ఊడలు దిగిన మర్రి మరొకచోట కనబడినది. లోలోతున చిన్న ఊట పుట్టి కొంతదూరము పారి భూమిలో మాయమగును, అది పాతాళగంగ. ఆ నీరు రెండు కిలోమీటర్ల దూరముననున్న బెలుము గ్రామపు బావిలో తేలునని ఊరివారు నమ్ముదురు. గుహ వెలుపల ప్రభుత్వమువారు పెద్ద బుద్ధవిగ్రహమును నిలిపిరి. ఇట్లు పైన బుద్ధుడు, క్రింద కోటిలింగములు, నడుమ పేరులేని జైన భిక్షువుల నీడ. ఐనను బెలుము నేడు నిత్యార్చన జరుగు క్షేత్రము గాదు. టికెట్టు కొని చూచు దర్శనీయస్థలము. మతములు వరుసగ వచ్చి వరుసగ తొలగిన చోట మిగులునది చరిత్ర. దాని విలువ తక్కువది కాదుగాని, అది ప్రశ్నించినవానికే బదులు చెప్పును.

యాగంటి

బనగానపల్లెకు చేరువనున్న యాగంటి ఉమామహేశ్వరాలయము విజయనగర సంగమ వంశీయుల కాలమున వృద్ధిపొందినది. కొండనుండి దిగి నంది నోటిగుండ పుష్కరిణిలో పడు నీరు, నానాటికి పెరుగుచున్నదని జనులు విశ్వసించు బసవన్న, వీనివలన ఈ క్షేత్రము ప్రసిద్ధము. ఆలయమును ఆనుకొనియున్న కొండలో మూడు గుహలు గలవు: అగస్త్యుడు తపస్సు చేసినది యొకటి, వేంకటేశ్వరుడు వెలసినది యొకటి, వీరబ్రహ్మేంద్రస్వామి వసించినది యొకటి. అగస్త్యుడు వేంకటేశ్వరుని ప్రతిష్ఠింపబూని, విగ్రహపు కాలి బొటనవ్రేలి గోరు విరిగియుండుట చూచి, దానిని గుహయందుంచి శివునకు ఆలయము గట్టించెనని స్థలపురాణము. శైవ వైష్ణవములు పోరాడుకొన్న దేశమున ఒకే కొండ ఇరువురకు చెరియొక గది యిచ్చుట విశేషమే.

రవ్వలకొండ

బ్రహ్మంగారని జనులు పిలుచు వీరబ్రహ్మేంద్రస్వామి పదునేడవ శతాబ్దివాడని సంప్రదాయము. పాపఘ్ని మఠమున పెరిగి, దేశాటనము చేయుచు బనగానపల్లెకు వచ్చి, గరిమిరెడ్డి అచ్చమ్మగారి యింటి అరుగుపై నిద్రించి, తెల్లవారి ఆమెయొద్దనే పశువులకాపరిగ కుదిరెనని కథ. ఆవులను రవ్వలకొండకు తోలుకొనిపోయి, వాని చుట్టును కర్రతో గిరిగీసి, గీత దాటక అవి మేయుచుండగా తాను కొండలోని గుహయందు గూర్చుండి తాటాకులపై భవిష్యత్తును దెలుపు కాలజ్ఞానము వ్రాసెడివాడట. ఒకనాడు అచ్చమ్మ చాటుగ వెంబడించి, గుహలో కాపరివాని తేజస్సు గాంచి, ఇంతకాలము పశువులు కాయించితినే యని పాదములపై బడి, శిష్యురాలై, యాగంటిలో ఉపదేశము పొందెను. వ్రాసిన గ్రంథములను ఆమె యింట పాతరవేసి పైన చింతమొక్కను నాటెనని చెప్పుదురు. బనగానపల్లెలో చింతమాను మఠము నేటికిని కలదు.

ఈ కథలో చరిత్ర యెంత, భక్తి యెంత అను విచారణకు ఇది తావు గాదు. కథయొక్క కూర్పు మాత్రము గమనింపదగినది. గుహలోని గురువు విశ్వబ్రాహ్మణుడు, ఆయన యజమానురాలు రెడ్డి కులస్త్రీ, ఆ సీమయందు ముస్లిము ప్రభుత్వము. బనగానపల్లె సంస్థానము షియా ముస్లిములైన నవాబుల పాలనలో సాగి, 1948లో భారతదేశమున విలీనమైనది. నవాబు స్వామిని పరీక్షింపగోరి, పళ్లెములో మాంసము పెట్టి గుడ్డ కప్పి పంపగా, గుడ్డ తీయునప్పటికి అది పువ్వులై యుండెననియు, అంతట నవాబు మన్నన చేసెననియు జనులు చెప్పుకొందురు. పరీక్షించినవాడు నవాబు, మ్రొక్కినవాడును నవాబే.

అటుపై స్వామి కడప మండలమందలి కందిమల్లాయపల్లెకు చేరి, వడ్రంగము కమ్మరము చేసికొని జీవించుచు, పెదకొమెర్లకు చెందిన గోవిందమ్మను వివాహమాడి, అచ్చటనే జీవసమాధి నొందెను. ఆ యూరే నేటి బ్రహ్మంగారి మఠము. ఆయన శిష్యులలో ప్రథముడు సిద్దయ్య, దూదేకుల ముస్లిము కుటుంబమున బుట్టినవాడు. బిడ్డ హిందూగురువును చేరెనని తలిదండ్రులు కడప నవాబుతో మొరపెట్టుకొనగా, నవాబు సిద్దయ్యను పిలిపించి సలాము చేయలేదేమని యడిగెనట. నా నమస్కారమును నా గురువు తప్ప వేరెవ్వరును భరింపలేరని సిద్దయ్య చెప్పి, ఎదుటనున్న బండకు నమస్కరింపగా అది పగిలిపోయెనట. గురువు సమాధిలో బ్రవేశించు దినమున, ప్రియశిష్యుడు చూచి ఓర్వజాలడని తలచి, సిద్దయ్యను పువ్వులు తెమ్మని బనగానపల్లెకే పంపెను. పువ్వులతో మరలివచ్చిన శిష్యుడు సమాధిపై పడి విలపింపగా, గురువు వెలికివచ్చి, దండ కమండలములను, పాదుకలను, ముద్రికను అతని కొసగెనని కథ ముగియును. సొంత కుమారులుండగా గురుచిహ్నములు దూదేకుల శిష్యునకు లభించినవని, విశ్వబ్రాహ్మణుల మఠమే గర్వముతో చెప్పుకొనుచున్నది. ఈ ఒక్క సంగతి, పెక్కు సమన్వయ గ్రంథములకంటె బలమైన సాక్ష్యము. మాదిగ కులమునకు చెందిన కక్కయ్యయు ఆ గురువునకు శిష్యుడే.

రవ్వలకొండ గుహకు నేడు వచ్చు యాత్రికులలో అన్ని కులములవారు నుందురు. సిద్దయ్యను తమవానిగ తలచు దూదేకులవారు, బ్రహ్మంగారిని పరాయివానిగ నెంచరు. వారిలో పెండ్లికి మౌల్వీని, కష్టమునకు బ్రహ్మంగారిని తలచు కుటుంబములు ఈ సీమలో వింత గాదు. ముడుమాలలో సిద్దయ్య మఠమున్నది. వైశాఖ శుద్ధ దశమినాడు బ్రహ్మంగారి మఠమున జరుగు ఆరాధనకు రాయలసీమ యంతటినుండియు, కర్ణాటకమునుండియు జనులు వత్తురు. బెలుములో వలె ఇచ్చట మతములు కాలముచేత వేరుపడలేదు. ఒక గురువు, ఒక శిష్యుడు, వారి నడుమ బుట్టిన ప్రేమ, ఆ రెండు సమాజములను ఒక గడపకు తెచ్చినవి. రాయి గాక మనిషి కారణమైన చోట పవిత్రత తరతరములకు పంచుకొనబడుచు నిలుచునని ఈ సీమ చూపుచున్నది.

ఆంధ్రదేశమందలి తక్కిన గుహలు

ఏలూరు జిల్లా గుంటుపల్లియందు, క్రీస్తుకు పూర్వమే కొండలో తొలిచిన వర్తులాకారపు బౌద్ధ చైత్యగృహము గలదు. దాని కప్పు కొయ్యదూలముల గుడిసె లోపలివలె చెక్కబడినది. నడుమ రాతిలో నిలిచిన స్తూపమును చుట్టుప్రక్కల పల్లెలవారు ధర్మలింగేశ్వరుడని కొలుచుచున్నారు. బౌద్ధులు పోయిరిగాని ధర్మమను మాట పోలేదు. కృష్ణాతీరమున ఉండవల్లి నాలుగంతస్తుల గుహాలయమున, ఒకే శిలయందు మలచిన అనంతపద్మనాభస్వామి శయనించియున్నాడు. దిగువ భాగములు తొలుత జైనులవో, బౌద్ధులవో అను విషయమున పండితులకు ఏకాభిప్రాయము లేదు, విష్ణుకుండినుల కాలమునకు అవి వైదికములైనవి. అనంతపురము మండలమందలి కొనకొండ్ల, కుందకుందాచార్యుని జన్మస్థలమని జైనులు విశ్వసించు ఊరు. అచ్చటి రసాసిద్ధుల గుట్టపై చెక్కిన జినమూర్తులను పల్లెవారు రసవాదమెరిగిన సిద్ధులని కొలుతురు. నల్లమలలోని అహోబిలము గుహలో వెలసిన నరసింహుడు వైష్ణవులకు ఆరాధ్యదైవమును, చెంచులకు ఇంటి అల్లుడును. ఆ చుట్టరికము పురస్కరించుకొని స్వామి సంక్రాంతి వేళ పార్వేట వెడలి, పల్లెపల్లెకు పోయి తన పెండ్లికి పిలుచును.

ఇతర ప్రదేశములు

బీహారునందలి బరాబరు కొండగుహలు మనదేశమున తొలిచిన గుహలలో అతిప్రాచీనములు. అశోకుడు తన పట్టాభిషేకానంతరము పండ్రెండవ యేట వీనిలో రెంటిని ఆజీవికులకు దానము చేసెను. పిదప ఎవరో ఆ శాసనములలో ఆజీవిక పదమును ఉలితో చెరిపిరి. తదుపరి మౌఖరి అనంతవర్మ అందు కృష్ణుని విగ్రహమును, చేరువ నాగార్జుని గుహలలో శివపార్వతులను కాత్యాయనిని ప్రతిష్ఠించెను. ఎల్లోరాలోని 34 గుహలలో 12 బౌద్ధము, 17 వైదికము, 5 జైనము; అయినను ఒక్కొక్క గుహ ఒక్కొక్క మతమునదే గనుక అది పొరుగేగాని పొత్తు గాదు. కాశ్మీరమున శివక్షేత్రమైన అమరనాథ గుహను బూటా మాలిక్ అను ముస్లిము గొల్లవాడు కనుగొనెనని ఐతిహ్యము.

రవ్వలకొండను పోలినది కర్ణాటకమున చిక్కమగళూరు జిల్లాలో బాబా బుడన్‌గిరి. అచ్చటి గుహ దత్తాత్రేయ పీఠమని హిందువులకును, దాదా హయాత్ కలందరు స్థానమని ముస్లిములకును పూజ్యము. పదునేడవ శతాబ్దమున ఏడు కాఫీ గింజలను అరబ్బుదేశమునుండి తెచ్చి ఈ కొండలపై నాటినవాడని బాబా బుడన్‌ను తలచుకొందురు. రెండు నామములు కలిసియే వ్యవహరింపబడిన ఈ తావు, కొన్ని దశాబ్దములుగ వ్యాజ్యములలో చిక్కి, అర్చకు లెవరు, ముజావరు లెవరను తగవునకు లోనైనది.

ఇట్టి తగవు మిక్కిలి తీవ్రరూపము దాల్చినది పాలస్తీనాలోని హెబ్రోనులో. అబ్రహాము, సారా, ఇస్సాకు, రిబ్కా, యాకోబు, లేయా సమాధులుగల మక్పేలా గుహ యూదులకు, క్రైస్తవులకు, ముస్లిములకు సమానముగ పవిత్రము. హేరోదు రాజు కట్టించిన గోడలలోపల చర్చియు, మసీదును, మరల చర్చియు, మరల మసీదును వెలసినవి. 1994లో నమాజు చేయుచున్నవారిలో 29 మందిని ఒక యూదుడు కాల్చి చంపిన పిమ్మట, కట్టడము రెండుగ విభజింపబడినది. సంవత్సరమున పదేసి దినములు మాత్రము ఒక్కొక్క మతమువారికి మొత్తము తెరువబడును. ఎఫెసు యొద్ద ఏడుగురు యువకులు నిద్రించిన గుహను గూర్చిన కథ క్రైస్తవులకును ముస్లిములకును సామాన్యము. ఖురానులో పదునెనిమిదవ అధ్యాయమునకు కహఫ్, అనగా గుహ, అని పేరు.

యాత్రికులకు

పెండ్లిమర్రి నుండి పోవువారు ఎర్రగుంట్ల, జమ్మలమడుగుల మీదుగ కొలిమిగుండ్ల చేరి బెలుము జూచి, అవుకు మీదుగ బనగానపల్లెకు పోయి రవ్వలకొండను, యాగంటిని దర్శింపవచ్చును. బ్రహ్మంగారి మఠమునకు ప్రొద్దుటూరు, మైదుకూరుల దారి. బెలుము లోపల గాలి వెచ్చగ తేమగ నుండును. వృద్ధులు, ఉబ్బసము గలవారు పాతాళగంగవరకు దిగకుండుట మేలు. సున్నపు ఊడలను తాకినచో చేతి జిడ్డు అంటి వాని పెరుగుదల నిలిచిపోవును, విరిచినచో ఆ లోటు మనిషి ఆయుర్దాయములో పూడదు. గోడలపై పేర్లు గీకుట, లోపల కర్పూరము వెలిగించుట వలదు. రవ్వలకొండ గుహలో నెవరి ఆచారముతో వారు మ్రొక్కవచ్చును. ప్రక్కవాని ఆచారమును ప్రశ్నించుట మాత్రము అచ్చటి మర్యాద గాదు.

బెలుముకు శాసనములు లేకున్నను కొలతలైన గలవు, చిత్రములు గలవు, ప్రదర్శనశాలలో పెంకులు గలవు. రవ్వలకొండకును సిద్దయ్యకును ఉన్నవి దూదేకుల ముదుసళ్లు పాడు తత్త్వములును, తంబురతో తిరుగు బైరాగులు చెప్పు కథలును మాత్రమే. అవి పాడువారు ఏటేట తగ్గిపోవుచున్నారు. ప్రొద్దుటూరు, మైదుకూరు, బనగానపల్లె ప్రాంతముల కళాశాలలలోని తెలుగు అధ్యాపకులు తమ విద్యార్థులను ఒక్కొక్క పల్లెకు పంపి, వారు జీవించియుండగనే ఆ పాటలను, పాడినవారి పేరుతోను ఊరితోను గూడ వ్రాయించి భద్రపరుపవలెను.